ఉల్లిపొర రంగు

వారం రోజులుగా తరమణి ఆఫీసులో
నా చెట్టు మొరాయిస్తోంది.
చెట్టంటే చెట్టే, కాకపోతే
వేరు పైన, ఆకులు కింద.
ఒక్కో ఆకులో కొన్ని వందల బొమ్మలు.
"ఇలాంటిదే ఇంకోటి" అని ఎవరైనా అడిగితే
ఒకటి రెండు కొమ్మలు దిగి తెచ్చివ్వాలి.
అదేమో ప్రతి కొమ్మా పట్టుకుని
ప్రతి ఆకూ తిరగేసి
అడిగినవాళ్ళు వెళ్ళిపోయాక వస్తోంది.

ఇవాళ సెలవు పెట్టి మింట్ స్ట్రీట్‌కొచ్చాను.
చేతిలో అంగుళం గుడ్డ,
చీర లోపలి అంచున కత్తిరించింది.
ఉల్లిపొర రంగు. అచ్చంగా ఉల్లిపొర కూడా కాదు,
రాత్రంతా నీళ్ళలో నానిన ఉల్లిపొర.

తులసింగం నాయుడి మ్యాచింగ్ సెంటర్
రెండు తలుపుల వెడల్పు.
నేల నుంచి అటక దాకా రెండు వేల జాకెట్ ముక్కలు,
మడతల అంచులే కనిపిస్తూ.
మొదటి అర నుంచి మొదలెడతాడనుకున్నాను.
నేను రాసిన మొదటి ప్రోగ్రామూ అంతే చేసేది,
పాపం, నిజాయితీగా.

ఆయన గల్లాపెట్టె పక్కన మేకుకు వేలాడే
కనకాంబరం ముక్క మీద నా గుడ్డ ఆనించాడు.
కళ్ళు చికిలించాడు.
"నాలుగు వేళ్ళు," అన్నాడు.
రంగుల మధ్య వేళ్ళెక్కడివి?

"కనకాంబరానికి జానెడు లోపలివి ఈ పక్క.
జానెడు దాటినవి అటక మీద.
అటక జోలికి పోనక్కర్లేదు మా."

చూడకుండానా?

"చూడకుండానే. నీది దీనికి నాలుగు వేళ్ళు,
అవి దీనికి పన్నెండు పైన.
ఎంత దగ్గరికి లాగినా
నీకూ వాటికీ ఎనిమిది మిగుల్తుంది గదా."

ఇదే మాట నా పుస్తకంలో
మూడు అక్షరాలు, ఒక కూడిక, ఒక నోరు తెరిచిన గుర్తు.
త్రిభుజంలో ఏ రెండు భుజాలు కలిసినా
మూడోదాన్ని మించుతాయని ఎనిమిదో తరగతిలో
సరోజినీ టీచరు బెత్తంతో చెప్పింది.
బెత్తం గుర్తుంది.

అటక మీది వెయ్యి ముక్కలూ
ఎవరూ తాకకుండానే రాలిపోయాయి.
తాకకుండా వద్దనడానికి కూడా
ఎప్పుడో ఒకనాడు పక్కన కూర్చుని
ఒక్కోదాన్నీ కొలిచి ఉండాలి.
ఆయన కొలిచాడు. ముప్పై ఒక్క ఏళ్ళు.

రెండో మేకు ఇటుక రంగు. చప్పున తేలింది.
మూడోది గంధం.
అక్కడ చెయ్యి ఆగింది.
నా ముక్క సరిగ్గా గట్టు మీద నిలబడింది.
"దీనికి ఇటూ చూడాల, అటూ చూడాల,"
విసుగు లేకుండా రెండు అరలూ తెరిచాడు.
గట్టు మీదవాటితోనే ఆలస్యం.

నా చెట్టులో అందరూ గట్టు మీదే పుట్టారేమో.

రంగుతో పాటు నేత కూడా కలవాలంటే?
మెరుపు, బరువు, ఉతికాక దిగే ఛాయ,
అన్నీ కలిపి అడిగితే?

"అడుగుతారు. అప్పుడు అన్నీ
ఒకే దూరంలో నిలబడతాయి మా.
దగ్గరా లేదు, దూరమూ లేదు.
కొట్టంతా దింపి పోస్తాం."

నా బొమ్మలకు ఐదు వందల పన్నెండు గుణాలు.
ఆయనకు చెప్పలేదు.

మిగిలిన నాలుగు ముక్కలూ వీధిలోకి తెచ్చాడు.
ట్యూబులైటు అబద్ధాలు చెబుతుందట.
తోపుడుబండి ఒకటి మా కోసం ఆగింది,
ఎండ కోసం ఆగిందనుకున్నారో ఏమో
వెనక హారన్లు.
"ఇది."
వెంట్రుక వాసి తేడా.

సరిపోయిందా అన్నాను.
"సరిపోవడం వేరే. దీనికన్నా దగ్గరిది
నా కొట్లో లేదు. అది మాత్రం రాసిస్తా."

రేపు పొద్దున మేకులు మార్చాలి.
గుణాలు కొన్ని వదిలెయ్యాలి, ఏవో తెలీదు.

వేళచ్చేరికి ఆటో నాలుగు వందల యాభై అన్నాడు.
వచ్చేటప్పుడు మూడు వందల ఇరవై.
అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ
దూరం ఒకటే ఉండాలన్నది మొదటి షరతు.
మీటరు మీద పాత గుడ్డ కప్పి ఉంది.
అలవాటు కొద్దీ నా ముక్క ఆనించి చూశాను.
జానెడు దాటింది.